చాక్లెట్ మలిద

మా ఊరు పాల్మాకుల మీద విమానాలు తిరగక ముందటి మాట. పక్కింటి తోడికోడళ్లు మలిదకు రొట్టె, బెల్లం నలుపుతుంటే, గోడ ఇవతల బియ్యం చెరుగుతూ విన్నాను.

"పిల్లలు తాగే చాక్లెట్ పొడి నిన్న మలిదల ఎందుకు కలిపినవ్, చెల్లె?"

"వాళ్లు తాగుతలేరక్కా. వానకు గడ్డ కడుతున్నది. పారబొయ్యబుద్ధి కాలె."

"అత్త వేళ్లు నాకిందట గద. ఇన్నేండ్ల సంది చేస్తున్న, నా మలిద ఒక్కనాడన్న గట్ల తిన్నదా? మొన్న వచ్చినవ్, ఇగ అత్త నీదే అయింది."

"నువ్వే చేసినవని చెప్పిన. నేను చేసిన్నంటె ముట్టకపోతుండె, అక్కా."

పెద్దకోడలు చేతులు దులుపుకున్న చప్పుడైంది.

"ఆ డబ్బ జర ఇటు తే. ఎంత కలపాల్నో చూపియ్యి. అత్తకు మాత్రం చెప్పకు."