బాగున్నాడంటే నమ్మని అక్క

వచ్చిన పెద్దలకూ, మన వీధివాళ్లకూ, ముందు వరసలో కూర్చున్న విదేశాంగశాఖ అధికారిగారికీ నమస్కారం. ఈ నాలుగు ముక్కలూ రాసుకురావడం ఎందుకులే అని దాదాపు మానేశాను. కాగితం చేతిలో లేకపోతే దారి తప్పుతానని రాశాను. గడియారాలు బాగుచేసేవాడికి టైము తెలియదని మా ఆవిడ అంటుంది. అది వేరే కథ.

వీధంతా అక్కా అని పిలుచుకునే లాండ్రీ అక్క పోయింది. ఓడలో వంటవాడైన ఆమె తమ్ముడు పరాయిదేశంలో, తుపాకులవాళ్ల చెరలో ఇంకా ఉన్నాడు. మాది పక్క కొట్టు కాబట్టి, విడిపించమని ఆమె విదేశాంగశాఖ ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా నేను తోడు వెళ్లేవాణ్ణి.

అక్కడ టీ ఇస్తే అక్క ముట్టేది కాదు. ఎందుకో తెలుసా? "కబురుంటే నిలబెట్టే చెప్తారు బాబాయ్. లేనప్పుడే కప్పు చేతికిస్తారు" అనేది. ఒకసారి బిస్కెట్లు కూడా పెట్టారు. అక్క బిస్కెట్ల కేసి చూసింది, అధికారి కేసి చూసింది. "ఏం దాస్తున్నారు?" అంది. తీరా చూస్తే, తుపాకులవాళ్లతో చర్చలు ఆగిపోయాయట!

ఇంకోసారి తమ్ముడి గొంతు రికార్డు చేసింది వినిపించారు. "బాగున్నానక్కా, తిండి కూడా బాగుంది." గదిలో అందరం కళ్లు తుడుచుకున్నాం. అక్క తుడుచుకోలేదు. "వాడు పుట్టి బుద్ధెరిగాక ఇంకొకడి వంట బాగుందనలేదు. ఎవరో పలికించారు. నేరుగా మాట్లాడించండి" అని అక్కడే బైఠాయించింది. మాట్లాడించారా? మాట్లాడించారు, చెప్పులరిగేలా తిప్పుకుని. అవతల నుంచి "అక్కా, వీళ్లకి ఉప్పెయ్యడం కూడా రాదే!" అని వినపడగానే అక్క భోరుమంది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

మొన్న ఇదే అధికారిగారు వచ్చి, విడుదల దగ్గర పడింది, పత్రికలకెక్కకుండా మౌనంగా ఉండమ్మా అన్నారు. "నోరు మూసుకున్నవాళ్ల మనుషులు ఎప్పుడొచ్చారు నాయనా?" అంది అక్క. మర్నాడే విలేకరులను పిలిచింది. వాళ్లు వచ్చేలోపే ఇస్త్రీ బల్ల మీద ఒరిగిపోయింది.

ఇందాక ఆయన నన్ను పక్కకు పిలిచి, సభ క్లుప్తంగా కానివ్వండి పెద్దాయనా అన్నారు. ఎందుకండీ? కుర్రాడు నిజంగా వస్తున్నాడనా? అడిగే మనిషి పోయిందనా? నాకు తెలియదు. తెలియదు కాబట్టే, అమ్మలారా, అయ్యలారా, సోమవారం ఆ ఆఫీసు గేటు దగ్గర నేనుంటాను. మీరూ రండి.

ఇక లేవండి. అక్క కోసం ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడదాం. ఒక్క నిమిషమే.

(అందరూ లేచారు. అధికారిగారి ఫోను మోగింది. ఆయన బయటికి వెళ్లి, తలుపు దగ్గరికి లాక్కున్నారు.)