మాస్టారి కంప్యూటర్‌ను చల్లార్చిన వైనం

కంప్యూటర్లు బాగుచేసే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ డిగ్రీల బాబాయ్ అనేవారు. ఒంటి జ్వరమైనా, గ్లాసులో టీ అయినా వేలితో తాకి ఇన్ని డిగ్రీలని చెప్పడం ఆయన అలవాటు. నిజమో కాదో సరిచూసినవారు లేరు.

ఆ ముసురు మధ్యాహ్నం టీ కొట్టు బల్లమీద ఆయనకు ఎదురుగా, పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు కూర్చున్నాడు. అతని అన్నయ్య పోయి ఇరవై రోజులైంది. అన్నయ్య లెక్కల మాస్టారు; ఉద్యోగ విరమణ తర్వాత రేఖాగణితం మీద పుస్తకం రాయడానికి పూనుకున్నాడు. బాబాయ్ బాగుచేసి వెళ్ళాక కూడా కంప్యూటర్ ఇరవై నిమిషాలకోసారి ఆరిపోయేది. టైపు చేసిందాంట్లో సగం పోయేది. వణికే తన వేళ్ళే ఏదో తప్పు మీట నొక్కుతున్నాయని నమ్మాడు. ఆ నమ్మకంతోనే కన్నుమూశాడు. తప్పు ఆ వేళ్ళది కాదన్న ఒక్క ముక్క బాబాయ్ నోటివెంట వినాలని బైండరు వచ్చాడు. జేబులో, మడిచిన కాగితంలో, ఒక చిన్న వస్తువు ఉంది.

బాబాయ్ మాత్రం అతణ్ణి ఊరడించబోయాడు. ఆయనకు తెలిసిన ఊరడింపు ఒక్కటే.

"మీ అన్నయ్య మిషన్‌కి ప్రాణం పోసింది ఈ చేతులే, అబ్బాయ్! నేను వెళ్ళేసరికి ప్రాసెసర్ తొంభై ఎనిమిది డిగ్రీలు, ఫ్యాను రొప్పుతోంది, దానిమీద వేడిని లాగే పాత కూలర్ పీకి అవతల పడేశాను, కొత్తది తెచ్చాను, రెంటి మధ్యా వేడిని అందించే పేస్టు సరిగ్గా బఠాణీ గింజంత పెట్టాను, ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే, బిగించానో లేదో నలభైకి దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకా?" అంది టీ కొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"నలభైతో ఆగిందా? ఇరవై, పది, సున్నా! డబ్బా మీద మంచు పేరుకుంది. పాపం, మాస్టారు శాలువా కప్పుకుని టైపు చేసేవారు."

శాలువా మాట నిజమే. చివరి నెలంతా అన్నయ్యను చలి వదలలేదు.

"మరి ఆ వేడంతా ఎటు పోయింది? నా ఇస్త్రీపెట్టెలోకా?" అన్నాడు పక్కనున్న టైలరు.

"నవ్వవయ్యా, నవ్వు! గొట్టం పెట్టి కిటికీలోంచి బయటికి వదిలాను. ఆ గాలికి మేడమీద ఆరేసిన దుప్పట్లు ఇస్త్రీ అయి, మడతలు పడి, వాటంతటవే బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఆ సంగతి విని బ్యాంకువాళ్ళు కారు పంపారు. అక్కడ గదినిండా కంప్యూటర్లు, నాలుగు వందల డిగ్రీలు, గోడలు మైనంలా కారిపోతున్నాయి, చూస్తే పేస్టు అయిపోయింది, ఏం చేశాననుకున్నారు? గుమ్మంలో నిలబడి ఉఫ్ అని ఊదాను. అంతే! లోపల మేనేజరు తుమ్మితే ఆ తుమ్ము గాల్లోనే గడ్డకట్టి బల్లమీద టంగుమని పడింది. ఇప్పటికీ కాగితాలు ఎగిరిపోకుండా దాన్నే బరువు పెడుతున్నారు."

టైలరు పగలబడి నవ్వాడు.

"ఇంకా?" అంది అక్క.

"ఇంకేముందమ్మా, అలాంటివాణ్ణి మాస్టారి మిషన్‌ని ఆరిపోనిస్తానా? మిషన్ దివ్యంగా ఉంది. ఆ వేళ్ళే, పాపం, వణుకు. ఆయనకీ అదే చెప్పాను, మిషన్‌లో లోపం లేదు మాస్టారూ అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాకు తెలుసు, బాబాయ్," అన్నాడు బైండరు.

జేబులోని కాగితం తీసి బల్లమీద విప్పాడు. అరచేతిలో సగమంత ప్లాస్టిక్ పొర; వేడికి పసుపుబారి, అంచులు ముడుచుకుపోయి ఉంది.

"నిన్న దుమ్ము దులుపుదామని డబ్బా విప్పాను. కూలర్ మరలు నాలుగూ తీసి పైకెత్తితే అడుగున ఇది అంటుకుని ఉంది. మీరు పెట్టిన పేస్టు దీనిమీదే ఎండిపోయింది. దీని వెనకున్న లోహం మాత్రం కొత్త గిన్నెలా మెరుస్తోంది. వేడి అక్కడిదాకా సరిగా ఎక్కితేగా! అంచున ఏం రాసి ఉందో చదవండి."

బాబాయ్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు కానీ చదవలేదు. టైలరే వంగి చదివాడు: "బిగించే ముందు తీసివేయవలెను."

"తర్వాత నాలుగుసార్లు వచ్చారు, బాబాయ్. నాలుగుసార్లూ ఫ్యాను తిరుగుతోందని చూసి వెళ్ళిపోయారు. అన్నయ్య ఏమనేవాడో తెలుసా? 'నా చేతకానితనానికి ఆయన్ని ఎన్నిసార్లు తిప్పుతానురా' అనేవాడు. మూడు వందల పేజీలకని అట్టలు కోసి ఉంచాను. నలభై ఒక్క పేజీలే వచ్చాయి."

అక్క "ఇంకా" అనలేదు. బాబాయ్ ఆ పొరను వేళ్ళ మధ్య మెల్లగా రుద్దాడు, ఎన్ని డిగ్రీలో చూస్తున్నట్టు. "ఆ రోజు కరెంటు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"తీయలేదు," అన్నాడు చివరికి. "మర్చిపోయాను. తప్పు ఆయన వేళ్ళది కాదు అబ్బాయ్, నాది."

బైండరు కోరి వచ్చిన మాట అదే. పొరను మళ్ళీ కాగితంలో మడిచి, వానలోనే ఇంటిదారి పట్టాడు. ఈ మాట అన్నయ్యకు చెప్పాలన్న ఆత్రంలో వీధి మలుపు దాకా ఇంచుమించు పరుగెత్తాడు. అక్కడ గుర్తొచ్చి, నిలబడిపోయాడు.