కట్టని కమాను

బట్టల కొట్టు అమ్మి బడి పెట్టిననాడు అతని చేతిలో ఉన్నవి నాలుగు గదులు, పాత గల్లాపెట్టె, లెక్కలు చూడటానికి ఒప్పుకున్న వదిన. ఊళ్లో మిల్లు మూతపడి, పని పోయినవాళ్లు ఊరు విడుస్తుంటే సగంమంది పిల్లలు బడి మానేసిన రోజు సాయంత్రం, ఆఫీసు గదిలో వాళ్లిద్దరే మిగిలారు.

"అందరి డిపాజిట్లూ తిరిగిచ్చేశామా వదినా?"

"ఇచ్చేశాం. ఒక్కరికీ బాకీ లేం."

"పొద్దున డిపాజిట్ల కోసం గుమ్మంలో అంతమంది తల్లిదండ్రుల్ని చూసి నా గుండె జారిపోయింది."

"జారదూ మరి! గల్లాలో పడిందల్లా నాదే అనుకునే రకం నువ్వు. పిల్లాణ్ని చేర్చేటప్పుడు కట్టిన డిపాజిట్ మన సొమ్ము కాదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"దాంతో గేటుకు కమాను కట్టిద్దామంటే, వేరే ఖాతాలో వేసి చెక్కుబుక్కు నీ దగ్గర పెట్టుకున్నావు. పిసినారివని తిట్టాను."

"అంతేనా? ఎంగిలి చేత్తో కాకిని తోలదన్నావు మరిదిగారూ!"

"తప్పయిపోయింది తల్లీ. నువ్వు నా మాట వినుంటే, ఇవాళ ఆ కమాను కిందే నిలబెట్టి నన్ను కడిగేసేవాళ్లు."

"మరి వెళ్తూ ఏమన్నారు?"

"పని పోయిన రోజున చేతిలో డబ్బు పెట్టారు, దారి ఖర్చుకు అక్కరకొచ్చిందన్నాడు ఒకాయన. మళ్లీ ఈ ఊరొస్తే చిన్నదాన్నీ ఇక్కడే చేరుస్తాడట. అదంతా నీ చలవే వదినా."

"సరేలే, ముందు ఆ లైటు ఆర్పు. కరెంటు ఊరికే రాదు."

అతను నవ్వుతూ లేచాడు. ఫీజులు సగానికి పడ్డాయి, గేటుకు కమానూ లేదు. అయినా ఆ గేటులోంచే తలెత్తుకుని ఇంటికి వెళ్లాడు. ఆనాటి లెక్కలో మిగులు అదే.