వెనక్కి తిరిగి కూర్చునే జోగారావు సార్

సార్ ఇంటామె ఛాయమ్మకు దండం. శ్రీనగర్ కాలనీ పెద్దలకు, సార్ శిష్యులకు, అమీర్‌పేటల కంప్యూటర్ క్లాసులు ఇడిసిపెట్టి వచ్చిన పిల్లలకు దండం. నేను హనుమాండ్లును. టీవీ సీరియళ్లల్ల జారిపడే వేషాలు నావే. మన జోగారావు సార్ పోయి ఇయ్యాల్టికి పదకొండు దినాలు. నాకింకా కలల నడుస్తున్నట్టే ఉన్నది. పొద్దుగాల పంజాగుట్ట చౌరస్తాల సార్ అసొంటి తెల్ల చొక్కా కనబడితే వెనుకనే పోయిన. ఆయన ఇటు తిరిగితే చూసిన, ఎవరో వేరే ఆయన.

సార్ పుస్తకం రాస్తుండ్రని మీకందరికీ ఎరుకే. నాటకం, సినిమా, టీవీ, బొమ్మల కథలు, వీటిల్ల మనిషి ఎక్కడ నవ్వుతడు, ఎందుకు నవ్వుతడు? ఇరవై ఏండ్లు అదే పని. ఆ పని ఎట్ల చేసిండ్రు? ముందు వరుసల కూర్చొని, వెనక్కి తిరిగి, నవ్వేటోళ్ల మొహాలు చూస్కుంట రాసుకునేటోళ్లు.

ఖైరతాబాద్‌ల నా నాటకానికి సుత అట్లనే కూర్చున్నరు. నాకు మండింది. నేనిక్కడ నడుం ఇరగ్గొట్టుకుంటుంటే గీయన నా దిక్కే చూడడా? అయిపోయినంక కొట్లాటకే పోయిన. అప్పటికే ఒక పెద్దమ్మ, మా ఆడపిల్లల దిక్కు చూస్తున్నడని సార్‌ను దులుపుతున్నది. సార్ చేతులు కట్టుకొని తిట్లన్నీ తిన్నరు. తర్వాత నాతోని అన్నరు: “నువ్వు పడ్డప్పుడు ఎవరూ నవ్వలేదయ్యా. లేచి, ఏమీ కానట్టు చొక్కా సర్దుకున్నావు చూడు, అప్పుడు నవ్వారు. వాళ్లంతా రోజూ చేసే పనే అది.” నా పొట్ట నింపే విద్య ఏందో నాకు అప్పటిదాక తెల్వదు. ఆ దినం నుంచి జోకర్‌గాడని ఎవరన్నా నేను తల దించుకోలే.

రెండు వేల ఒకటిల సాఫ్ట్‌వేర్ నౌకర్లు ఊడినయి, యాదికున్నదా? అమీర్‌పేటల టిఫిన్ బండి కాడ సార్ బొమ్మల కథలు తెరిచి పెట్టేటోళ్లు. సన్నటి వాన, నెత్తి మీద కోర్సుల బోర్డులు, ఇడ్లీ పొగల మసక మసకగ మొహాలు. ఆ సాయంత్రాలు నిజంగ ఉండెనా అనిపిస్తది. పేజీల ఒక బొమ్మ డబ్బాల మనిషి గొడుగు తెరుస్తడు. పక్క డబ్బాల గొడుగే ఉంటది, మనిషి ఉండడు. అది చూసి, నౌకరి పోయిన మా నరేశ్ అందరికన్న గట్టిగ నవ్విండు. సార్ ఆ నవ్వును రాసుకోలే. పెన్ను మూసి, వాని భుజం మీద చెయ్యేసి కూర్చున్నరు.

ఇగ నేను చెప్పాల్సింది చెప్త. దీనికే వచ్చిన. ఆసుపత్రిల సార్ నన్ను ఒక్కసారి పడి లేవమన్నరు. మంచం పక్కన నిలబడ్డ. పడలే. ఎందుకు పడలే? సార్ నవ్వితే అదే ఆఖరి నవ్వయితదని భయమయింది. రేపొస్త సార్ అని బయటపడ్డ. తెల్లారి నేను పోయేసరికి సార్ లేరు. ఒక్క నవ్వు దాచుకుందామని సార్‌ను నవ్వకుండ పంపిన.

ఇయ్యాల పొద్దున ఛాయమ్మ కాళ్ల మీద పడి ఈ మాట ఒప్పుకున్న. అమ్మ మెల్లగ ఇంతే అన్నది: “ఆ రోజు తెల్లారగానే కళ్లజోడు పెట్టించుకున్నారయ్యా, నువ్వొస్తావని.”

అందరు జర లేవండి. రెండు నిమిషాలు మాటలొద్దు. పక్కనున్నోళ్లు నన్ను జర పట్టుకోండి.