తలకిందుల పంచాంగం

అయ్యలారా, అమ్మలారా,

ఇరవై మూడు కుటుంబాలూ వచ్చారు. ఓడ దిగిన రోజు తర్వాత మనమంతా ఒకచోట చేరడం ఇదే. చేర్చింది నా కొడుకు లోరెంజ్. వాడే లేడు.

నాకు చదువు తక్కువ. నిన్నంతా కూర్చుని ఈ కాగితం రాశాను. కూర్చున్నానా? లేదు. రెండు మాటలు రాయడం, లేచి వాడి పొలం దాకా వెళ్లి రావడం. మంగళవారం నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు.

మొదటి ఏడు మనం ఏం చేశాం? మన దేశం నుంచి తెచ్చుకున్న పంచాంగం చూసి అక్టోబరులో మన రొట్టెల ధాన్యం రై విత్తాం. అక్కడ మన తాతలు అలాగే విత్తారు. కానీ ఈ బ్రెజిల్‌లో అక్టోబరు తర్వాత చలి రాలేదు, ఎండ వచ్చింది. చలి తగలక మోకాలెత్తు గడ్డే లేచింది. ఒక్క కంకి వేసిందా? ఏడాదంతా కర్రపెండలం పిండి తిన్నాం. ఈ నేలకు శాపం ఉందన్నాం.

లోరెంజ్ అనలేదు. సరుకుల కంచర గాడిదలు తోలేవాళ్ల వెంట ఎనిమిది రోజులు నడిచి, ఇక్కడ చలి ఏ నెలల్లో పడుతుందో అడిగి తెలుసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే పంచాంగాన్ని మేకుకు తలకిందులుగా తగిలించాడు. "ఇక్కడ దీన్ని ఇలా చదవాలమ్మా. మే నెలలో విత్తాలి" అన్నాడు.

ఎంత నవ్వారు! కాస్పర్ బావగారూ, మీరు ఊరికి పెద్ద, తప్పుపట్టడం లేదు. కానీ మీ మాట నా చెవిలోనే ఉంది. "ఒరేయ్ తలకిందులోడా, క్రిస్మస్‌కి మేమూ తలకిందులుగా నిలబడి పాడాలా?" అన్నారు. వాడికి కోపం వచ్చిందా? "పోయిన క్రిస్మస్‌కి చొక్కా విప్పి చెమటలు తుడుచుకుంటూ పాడారు కదా పెద్దనాన్నా, ఇంకా అనుమానమా?" అన్నాడు.

నేనూ నవ్వాను. చూసినవాళ్లు ఏమనుకుంటారోనని ఆ పంచాంగాన్ని తిన్నగా తిప్పేదాన్ని. వాడు మళ్లీ తిప్పేవాడు. నేను మళ్లీ. ఒక్కరోజు కూడా నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మేలో వాడొక్కడే విత్తాడు. మీరు తిరుగు ప్రయాణం మాట్లాడుకున్నారు. రేవుదాకా బండ్లు పోవాలంటే దారిలో చెట్లు కొట్టాలి. గొడ్డలి పట్టుకుని ముందు వెళ్లింది ఎవరు? వద్దురా, పోయేవాళ్ల దారి నీకెందుకురా అన్నాను. "పిల్లలుంటారమ్మా బండ్లలో. ఇరుసు విరిగితే అడవిలో ఉండిపోతారు" అన్నాడు. మంగళవారం ఆ దారిలోనే చెట్టు మెలితిరిగి వాడిమీద పడింది.

ఇంట్లో మనిషి పోతే విత్తనాల బస్తా కదిపి ఆ చావు కబురు గింజకు చెప్పాలి, చెప్పకపోతే గింజ కూడా చచ్చిపోతుంది. మన పద్ధతి మీకు తెలుసు. మా అటక మీద మిగిలింది అరబస్తా. ఒట్టీలియా వదిన ఒక కొస పట్టుకుంది, నేను ఒకటి పట్టుకున్నాను. కదిపాం, చెప్పాం. మరి పొలంలో నిలబడ్డ గింజకు ఎవరు చెప్పారు? నాలుగు రోజులుగా వెళుతున్నాను, వస్తున్నాను. గట్టుదాకా వెళ్లి చెప్పకుండానే తిరిగొస్తున్నాను.

చూడండి అటు. కంకులు వంగి ఉన్నాయి. పది రోజుల్లో కోతకొస్తాయి. మీ బండ్లు సోమవారం కదులుతాయంటున్నారు. ఉండిపొమ్మని అడిగే హక్కు నాకు లేదు. కోసి పొండి. ఆ పిండితో ఒక్క రొట్టె తిని, అప్పుడు చెప్పండి ఈ నేలకు శాపం ఉందో లేదో. ఈ ఊళ్లో మొదటి సమాధి నా బిడ్డది. అదొక్కటే మిగిలితే దాన్ని ఊరంటారా?

ఈ పొద్దున పంచాంగాన్ని నేనే తలకిందులుగా తగిలించి వచ్చాను.

ఇక లేవండి. టోపీలు తీయండి. నా వైపు కాదు, పొలం వైపు తిరగండి. ఎవరూ మాట్లాడకండి. ఆ గింజకు నేనొక్కదాన్నే చెప్పలేను. మాటలతో కాదు, అందరం ఇలా నిలబడే చెబుదాం.