నాకు మేనకోడలు లేదు

సభకు అధ్యక్షత వహిస్తున్న డీన్ శ్రీనివాసరావు గారికి, మా సినిమా విభాగం అధిపతి కరుణాకర్ గారికి, నాకంటే ముందే రిటైరై ఇవాళ నన్ను తమ జట్టులో కలుపుకోవడానికి వచ్చిన పెద్దలకు, కాకినాడ నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్న మా అన్నయ్య అచ్యుతరామయ్య గారికి, భోజనంలో బిర్యానీ ఉందని తెలిసి హాస్టళ్ల నుంచి తరలివచ్చిన విద్యార్థులకు (నవ్వులు), మీ కమలాదేవి నమస్కారాలు.

శాలువా కప్పించుకోకుండా మైకు దగ్గరకు ఎందుకొచ్చేశానా అని మీరంతా అనుకుంటూ ఉంటారు. చెప్తాను. మన క్యాంపస్‌లో ఒక పద్ధతి ఉంది, రిటైరయ్యే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టరు. భార్యనో భర్తనో పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరికీ దండలు వేసి, ఇద్దరికీ కలిపి ఒకటే శాలువా కప్పి ఫొటో తీస్తారు. నాలాంటి పెళ్లికాని వాళ్లయితే ఇంటి మనుషుల్లో ఎవరినో ఒకరిని పిలిచి ఆ కుర్చీ నింపుతారు. అందుకే నా దగ్గర పరిశోధన చేస్తున్న స్నిగ్ధ ఇందాక మైకులో, "మేడమ్ గారి మేనకోడలు పూర్ణిమ గారిని వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అంది. పూర్ణిమ రాలేదు. చివరి వరుసలోంచి లేచి తలుపు దగ్గరకు వెళ్లి నిలబడింది. ఇప్పుడూ అక్కడే ఉంది. దయచేసి ఎవరూ వెనక్కి తిరగకండి.

(విరామం) తిరిగారు. సరే.

స్నిగ్ధా, బిక్కమొహం వెయ్యకమ్మా, నీ తప్పేమీ లేదు. ఎనిమిదేళ్లుగా ఈ క్యాంపస్‌లో ఎవరడిగినా మేనకోడలని చెప్పింది నేనే. చిక్కేమిటంటే, నాకు ఉన్నది ఒక్కడే అన్నయ్య, ఆయనకు ఇద్దరూ మగపిల్లలే. మేనకోడలు అనే మాట వినగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని నా వంక చూసిన చూపు ముందు వరుసంతా చూసింది. (నవ్వులు) ఆయనకు నేను చెప్పింది వేరు. తార్నాక ఫ్లాట్‌లో ఒక గది అద్దెకిచ్చాను, ఎవరో ఉద్యోగం చేసుకునే అమ్మాయి అన్నాను. క్యాంపస్‌కు ఒక అబద్ధం, కాకినాడకు ఒక అబద్ధం. రెండూ ఒకే హాల్లో ఎదురుపడతాయని నాకు తట్టనే లేదు. స్క్రీన్‌ప్లే క్లాసులో ఎవరైనా ఇలాంటి పొరపాటు చేస్తే కాగితం మొహాన కొట్టేదాన్ని, పాత విద్యార్థులకు తెలుసు.

శ్రీనివాసరావు గారూ, మీరు పంపిన చీటీ అందింది. "వ్యక్తిగత విషయాలు వద్దు" అని రాశారు. సార్, ఇప్పటిదాకా మాట్లాడిన ఐదుగురూ నా చీరల గురించి, నా కోపం గురించి, పెళ్లి కూడా మానుకుని నేను చదువుకు అంకితమైపోవడం గురించి మాట్లాడారు. అవి విశ్వవిద్యాలయ విషయాలా? (చప్పట్లు) చప్పట్లు వద్దు. మాట తప్పిపోతుంది.

పొద్దున నా చీర కుచ్చిళ్లు సర్దుతూ పూర్ణిమ నాతో ఒక మాట అంది. "కమలా, గియ్యాల గూడ నన్ను మేనకోడలు అన్నరనుకో, నేను అటే లాలాపేట్‌ల మా అమ్మ దగ్గరికి పోత. మల్ల నీ ఇంటికి రాను." నేను, "అలాగేలే, ఆలస్యమవుతోంది పద" అన్నాను. స్నిగ్ధకు ఒక్క ఫోన్ చేసి ఆ మాట వద్దని చెప్తే సరిపోయేది. చెయ్యలేదు. మర్చిపోయి కాదు, భయపడి. మేనకోడలు కాదంటే మరెవరు అని ఆ పిల్ల అడుగుతుంది కదా.

కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను. పూర్ణిమా నేనూ కలిసి బతుకుతున్నాం. మామూలుగా భార్యాభర్తలు ఎలా బతుకుతారో అలాగే, అంతే ప్రేమతో, అన్నే కీచులాటలతో. నాకు అరవై, ఆమెకు నలభై ఒకటి. ఆమె నా విద్యార్థి కాదు, ఆ అనుమానం ఎవరికైనా ఉంటే ఇక్కడే వదిలెయ్యండి. మా విభాగం తీసిన డాక్యుమెంటరీకి సౌండ్ రికార్డు చెయ్యడానికి వచ్చింది. ఇంటర్వ్యూ మధ్యలో అందరి ముందూ, "మేడం, జర చేతులు ఊపకుండ్రి, మీ గాజులు మైకుల వస్తున్నయ్" అంది. ఇరవై మూడేళ్ల సర్వీసులో నన్నెవరూ అలా అదిలించలేదు. గాజులు తీసి బల్ల మీద పెట్టాను. ఇంటికి వెళ్లేదాకా అవి గుర్తే రాలేదు, ఆమె మాత్రం గుర్తొస్తూనే ఉంది.

అన్నయ్యా, లేవకు. ఒక్క ఐదు నిమిషాలు కూర్చో. నీకు విడిగా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను, తప్పే. అసలు తప్పు ఇంకోటి ఉంది, అది విని వెళ్లు.

పూర్ణిమ రెండేళ్ల కిందట సొంతంగా ఒక చిన్న సినిమా తీసింది. పేరు 'పై పోర్షన్'. నలుగురు స్నేహితులు, ఒక కెమెరా, సెలవు రోజుల్లో షూటింగ్. యాభై ఎనిమిదేళ్ల సంగీతం టీచరు, ఆమె ఇంటి పై పోర్షన్‌లోకి అద్దెకొచ్చిన ముప్పై తొమ్మిదేళ్ల నర్సు, వాళ్లిద్దరి ప్రేమ. వంటింటి సన్నివేశాలన్నీ మా ఇంట్లోనే తీసింది. ఎవరు చూడబోతారులే అనుకుని నేనూ సరేనన్నాను. ఆమె దాన్ని నాకు చెప్పకుండా మన విభాగం నడిపే ఫిల్మ్ ఫెస్టివల్‌కు పంపింది. ఎందుకు చెప్పలేదంటే, తీసినవాళ్ల పేర్లు తీసేసి జ్యూరీకి చూపిస్తాం కదా, నేను పేరు చూడకుండా మెచ్చుకుంటే వినాలని ఆమె ఆశ.

జ్యూరీలో ముగ్గురం. సినిమా మొదటి షాట్‌లోనే మా పొయ్యి, మా కాఫీ ఫిల్టర్, నేను అంటించిన క్యాలెండర్. మా ఇంట్లో భోంచేసినవాళ్లు ఈ హాల్లో ఎందరున్నారు! సినిమా తెర మీద పడితే వంటిల్లు గుర్తుపట్టరా? కరుణాకర్ గారు ఆ సినిమాకు మొదటి బహుమతి ఇవ్వాలని అరగంట వాదించారు. నేను తెగించి జ్యూరీ కాగితం మీద రాశాను: "ఇంత వయసు తేడా వల్ల ఈ ప్రేమ నమ్మశక్యంగా లేదు." సీనియర్‌ని కదా, నా మాటే నెగ్గింది.

జ్యూరీ అభిప్రాయాలను సంతకాలు లేకుండా తీసినవాళ్లకు పంపడం మన ఆనవాయితీ. అది పెట్టిందీ నేనే. కాగితం ఇంటికొచ్చింది. రోజూ నేను రాసే కూరగాయల జాబితా తీసుకుని మార్కెట్‌కు వెళ్లే మనిషి, నా చేతిరాత పోల్చుకోదా? ఏడవలేదు, అరవలేదు. "నమ్మబుద్ధి అయితలేదా నీకు? మరి ఆరేండ్ల సంది మనం ఏం చేస్తున్నం?" అంది. తర్వాత కొచ్చిలో చిన్న హాల్లో ఆ సినిమా వేస్తే ఒక్కతే వెళ్లింది, చూసినవాళ్లు ఏమన్నారో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. రెండేళ్లుగా ఆ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుకుంటున్నాం.

కరుణాకర్ గారూ, మీరు ఆ రోజు చెప్పిందే సరి. నాకు ఆ సినిమాలో ప్రతి క్షణం నమ్మశక్యంగానే ఉంది. సిగ్గుపడి ఒక మంచి సినిమాను తొక్కేశాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఎంతమందికి ధైర్యంగా తీయండని నూరిపోశానో, ఒక్కరు నిజంగా ధైర్యం చేస్తే ఇదీ నేను చేసిన పని. నన్ను క్షమించమని వెనకున్న ఆమెను అందరి ముందూ అడుగుతున్నాను. చాటుగా అడిగితే అది చాలదు.

అన్నయ్యా, తల దించుకోకు. లేదా దించుకో, నీ ఇష్టం, కానీ సాయంత్రం ఫోన్ చెయ్యి. తిట్టడానికైనా చెయ్యి.

(విరామం) స్నిగ్ధ మళ్లీ మైకు అందుకోబోతోంది. వద్దమ్మా, ఆమెను ఇంకోసారి పైకి పిలవకు. ఎనిమిదేళ్లుగా నేను ఎక్కడికి పిలిస్తే అక్కడికి, ఏ పేరు పెడితే ఆ పేరుతో వచ్చింది. ఇంక పిలవడం నా వల్ల కాదు. నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టిన ఈ విభాగానికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ, చీటీ పంపి కూడా మైకు ఆపించని డీన్ గారికి కృతజ్ఞతలు. భోజనాలకు నన్ను వెతకకండి.

తలుపు తీస్తోంది. పూర్ణిమా, ఆగు. నేనే వస్తున్నాను. మోకాళ్ల నొప్పులు కదా, ఈ మెట్లు దిగడానికి నాకు కొంచెం టైము పడుతుంది. ఆగు. అందరికీ సెలవు.