సబ్బక్క చేతులు

ఏదీ, ఆ చెయ్యి ఇటు పెట్టు. వెనక్కి దాచుకుంటావెందుకే, అమ్మమ్మ దగ్గర కూడా దాపరికమా? అబ్బో, వేళ్ళ సందులన్నీ పగిలిపోయాయి! ఆస్పత్రిలో రోజుకి ఎన్నిసార్లు కడిగిస్తారేంటి మీ చేత? లెక్కే లేదా? సరిపోయింది. అచ్చం మా సబ్బక్కే. నీకెప్పుడూ చెప్పలేదూ? నేను పసిపిల్లల వార్డులో ఆయాగా చేరినప్పుడు అక్కడి నర్సు. పోయి ముప్ఫై ఏళ్ళు దాటిందిలే. అప్పట్లో మాకో పెద్ద డాక్టరుగారు ఉండేవాడు, మహానుభావుడు! పొద్దున్నే మమ్మల్ని గోడవారగా నిలబెట్టి, చేతులు చాపమని, ఒక్కొక్కరివీ వాసన చూసేవాడు. మందునీళ్ళ వాసన రాలేదో, "ఏమ్మా, నీళ్ళకేమన్నా కరువొచ్చిందా?" అనేవాడు. అందుకే మేం ముక్కు డాక్టరనేవాళ్ళం. ఆయన చేతులెవరు వాసన చూసేవారంటావా? బాగా అడిగావు! జేబుల్లోంచి బయటికొస్తే కదా.

మేమంతా ఆయనొచ్చే ముందు చేతులు ఓ ముంచు ముంచి నిలబడేవాళ్ళం, అంతే. సబ్బక్క అలా కాదు. బిడ్డను ముట్టుకునే ముందొకసారి, ముట్టుకున్నాక ఇంకోసారి. బిడ్డలేమో పదహారు మంది! "ఒసేయ్, నా చేతి వల్ల ఒక్క బిడ్డకీ ఒళ్ళు వెచ్చబడకూడదే" అనేది. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఆ గదే ఆవిడ లోకం. చేతులకి దుప్పటి అంచు తగిలినా అబ్బా అనేది. కాస్త నూనె రాసుకో అక్కా అంటే, "ఆ ముక్కు పసిగడుతుందే" అని నవ్వేది.

ఒకరోజు వేలి కణుపుల దగ్గర రక్తం కారింది. ఇదిగో, అప్పుడు లేచింది నాలో పుణ్యాత్మురాలు! ఆయన దగ్గర ఏదన్నా మంచి మలాం దొరక్కపోతుందా అని తిన్నగా వెళ్ళి, "అయ్యా, మా సిస్టరమ్మ చేతులోసారి చూడండి" అన్నాను. చూశాడు. మలామా? మహారాజు రెండడుగులు వెనక్కేశాడు. "ఈ పుళ్ళ చేతులతో పసికందుల్ని ముట్టుకుంటున్నావా? శుభ్రం తెలీదూ?" అన్నాడు. శుభ్రం! సబ్బక్కకి! మర్నాటికల్లా దుప్పట్ల గదికి మార్చేశాడు.

దుప్పట్లకి జ్వరాలొస్తాయా, అన్నిసార్లు కడగక్కర్లేదు. నెల తిరిగేసరికి చేతులు నున్నగా తేలాయి. పాపం, చూపించుకోవడానికి వెళ్ళింది, మళ్ళీ పిల్లల దగ్గరికి పంపమని. ఆయన తిప్పి తిప్పి చూసి ఏమన్నాడో తెలుసా? "భేష్! ఆ గది నీకు బాగా పడింది. అక్కడే ఉండు" అన్నాడు. ఎంత వైద్యం! అన్నేసి డిగ్రీలు ఊరికే వస్తాయా మరి?

పదకొండేళ్ళు దుప్పట్లు మడతపెట్టింది. మధ్యాహ్నం పూట వచ్చి మా గది అద్దానికి అవతల నిలబడేది. లోపలికి రా అక్కా, ఎవరూ లేరులే అంటే, "చేతులు కడుక్కోలేదే" అనేది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టిపోసినా బాగుండేదే తల్లీ.

సరేలే, రేపు మీ పెద్ద నర్సుకి ఈ చేతులు చూపించు. వద్దు వద్దు, దాచుకో. దాచుకుంటే ఇంకా ముదురుతుంది కదూ... ఏమోనే, నన్నడక్కు. నా సలహా ఏం చేస్తుందో విన్నావుగా. ఇదిగో, ఈ మలాం డబ్బా మూత తియ్యి, నా వేళ్ళకి రావట్లేదు.